లేచిన అడుగులు

మే నెల మూడో వారంలో మంచు పైనుంచి కిందికి కరగడం మొదలుపెట్టింది. కొండ భుజాల మీద గాలి పలచగా పరిచిపోయిన మంచు ముందు పోయింది. సత్రం వెనక మడతలో రెండు నిలువుల లోతున పేరుకున్నది మాత్రం మెత్తబడిందే గాని కదల్లేదు. వాగులు మంచు కిందనే మేలుకొని, కంటికి కనబడకుండా మాట్లాడుకోసాగాయి.

సత్రం వాకిట్లో ఒకటో నంబరు ఇనుప స్తంభం ఉంది. పైన కనుమలో నలభయ్యోది ఉంది. చలికాలంలో దారి తెలియడానికి నాటిన స్తంభాలవి. ఏ స్తంభం దాకా నేల బయటపడిందో, ఎక్కడ కాలు దిగబడుతుందో, ఎక్కడ జారుతుందో చూసి, రోజూ ఉదయం కింది పట్నానికి ఫోన్‌లో చెప్పడం నెవెనా పని. ఆమె చెప్పిన మాటను బట్టే అక్కడ బోర్డు మీద దారి తెరిచారనో మూశారనో రాస్తారు. ముప్పై నాలుగేళ్ళ నెవెనా ఆ పనిని, తండ్రి పోయిన నాటినుంచి పదకొండేళ్ళుగా, ఒక్క రోజు కూడా తప్పకుండా చేస్తోంది.

సోమవారం ఉదయం వంటింటి కిటికీలోంచి బైనాక్యులర్‌తో చూస్తూ, ముప్పై ఒకటో స్తంభం దగ్గర ఆమె చూపు ఆగిపోయింది.

తెల్లని వాలు మీద ఒక వరుస కనిపించింది. మొదట అడవిమేకల జాడ అనుకుంది. అడవిమేకల జాడ గుంటలుగా ఉంటుంది, ఇవి దిమ్మెలు. ఒక్కొక్కటి జానెడు ఎత్తున, చిన్న రొట్టె అంత వెడల్పున, మంచులోంచి పైకి లేచి, ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి.

ఆ కొండవాళ్ళు వాటిని లేచిన అడుగులంటారు. చలికాలంలో మనిషి నడిస్తే పాదం కింద మంచు అణిగి గట్టిపడుతుంది. దాని మీద ఎంత కురిసినా అది లోపల అలాగే ఉంటుంది. వేసవి మొదట్లో చుట్టూ ఉన్న మెత్తని మంచు కరిగిపోతే, అణిగినది కరగకుండా మిగిలి, గుంటగా ఉండవలసిన అడుగు దిమ్మెగా పైకి తేలుతుంది. ఎప్పుడో నడిచిన నడక అలా మేలో బయటపడుతుంది.

అడుగులు కిందికి, సత్రంవైపు వస్తున్నాయి. ఎడమ అడుగులన్నీ కొంచెం పక్కకు తిరిగి ఉన్నాయి.

నెవెనా తమ్ముడు మిలెన్ పదహారో ఏట పైకప్పు మీది మంచు తోస్తూ జారిపడి, ఎడమ చీలమండ విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతికింది గాని, ఆ పాదం ఆనాటినుంచి పక్కకే చూసేది. మిలెన్ ఈ ఫిబ్రవరి తొమ్మిదిన కొండ మీదికి వెళ్ళి తిరిగి రాలేదు.

ఆమె ఫోన్ అందుకుని, దారి ఇంకా మూసే ఉందని, వేరే విశేషమేమీ లేదని చెప్పి పెట్టేసింది.

ఆ సత్రానికి ఒక కట్టుబాటు ఉంది. పొగమంచు దిగితే చూరు కింది గంట మోగించాలి. కనుమకు అవతలి సత్రం నుంచి ఎందరు బయల్దేరారో, ఎవరెవరో ఫోన్ వస్తుంది. ఆ పేర్లు పుస్తకంలో రాస్తారు. గడప తొక్కినవారి పేరు తొక్కినట్టే కొట్టేస్తారు. కొట్టేయని పేరు ఒక్కటి మిగిలినా గంట ఆగకూడదు. చివరి పేరు కొట్టేశాక తాడు వదలవచ్చు. నెవెనా తాత ఒక గాలిరోజున తానే నడిచి చూసి, గంట పదకొండో స్తంభం దాకా వినిపిస్తుందని తేల్చాడు. అప్పటినుంచి ఆ కొండ మీద తిరిగేవాళ్ళందరికీ అదే కొలత. పొగమంచులో గంట వినబడితే ఇల్లు దగ్గరపడినట్టు. వినబడకపోతే ఇంకా పదకొండుకు పైనే ఉన్నట్టు, లేదా దారి తప్పి అవతలి లోయలో దిగినట్టు.

ఫిబ్రవరి తొమ్మిదిన ఐదుగురు రావలసి ఉంది. మధ్యాహ్నం పొగమంచు దిగింది, దాని వెనకే మంచు కురవసాగింది. నెవెనా గంట మోగించింది. ఐదో మనిషి నాలుగింటికి వచ్చాడు. ఐదో పేరు కొట్టేసి, తాడు కొక్కేనికి తగిలించి, వాళ్ళకు చిక్కుడుగింజల చారు వడ్డించడానికి ఆమె లోపలికి వెళ్ళింది. వంగిన స్తంభాలు సరిచేయడానికి పొద్దున్నే పైకి వెళ్ళిన మిలెన్ పేరు పుస్తకంలో లేదు. ఇంటివాళ్ళ పేర్లు పుస్తకంలో రాయరు. తాత రాయలేదు, తండ్రి రాయలేదు. పుస్తకం బాటసారుల కోసం. ఇంటివాడు దాంట్లో పేరు రాసుకుంటే కింది పట్నం దాకా నవ్వేవాళ్ళు.

ఆరింటికి దీపం వెలిగిస్తూ, కట్టెల కొట్టంలో తమ్ముడి అలికిడి లేదని ఆమె గమనించింది. అప్పుడు పట్టిన తాడు తెల్లవారేదాకా వదల్లేదు. అరచేతులు చీలి తాడు ఎర్రబడింది. వెతకడానికి వచ్చినవాళ్ళు ఆ చేతులకు కట్టు కట్టి, ఇలాంటి అక్క ఎందరికి ఉంటుందని తమలో తాము అనుకున్నారు. గంట ఎప్పటినుంచి మోగుతోందని అడిగితే, మధ్యాహ్నం నుంచని చెప్పింది. అది అబద్ధం కాదు. నడుమ రెండు గంటలు ఆగిందన్న మాట మాత్రం చెప్పలేదు.

చెప్పకపోవడం వల్ల వాళ్ళు పదకొండుకు ఇవతల మంచులో పొడిచి వెతికే ఇనుప కడ్డీ ఒక్కటి కూడా దించలేదు. గంట వినిపించే మేరలో ఉంటే ఇంటికి వచ్చేవాడేనని అందరికీ తెలుసు. పదహారు రోజులు అవతలి లోయను గాలించి, మళ్ళీ పెద్ద మంచు కురవడంతో దిగిపోయారు.

అందుచేత నెవెనాకు ఈ లోకంలో ఒక్క సంగతి తెలిస్తే చాలు. తమ్ముడు పదకొండుకు అవతలే ఆగిపోయి ఉంటే, ఆ రెండు గంటల నిశ్శబ్దం ఎవరికీ హాని చేయలేదు. ఇవతలికి వచ్చి ఉంటే... ఆ వాక్యాన్ని ఆమె మూడు నెలలుగా పూర్తి చేయలేదు.

మంగళవారానికి వరుస ఇరవై ఆరు దాకా వచ్చింది. బుధవారం పొద్దుటికి ఇరవై. ఎవరూ నడవడం లేదు, మంచు పోతోంది, అంతే. ఆ సంగతి నెవెనా కంటే బాగా తెలిసినవాళ్ళు ఆ కొండ మీద లేరు. అయినా కిటికీ తెరవగానే, నిన్నటికంటే నూరు నూటఇరవై అడుగులు దగ్గరగా వచ్చి నిలిచిన ఆ వరుసను చూస్తే, తాను కళ్ళు మూసినప్పుడు ఎవరో దిగుతూ, తెరిచేసరికి కదలకుండా ఆగిపోతున్నట్టుండేది. పగలు ఎంతసేపు రెప్ప వేయకుండా చూసినా ఒక్క అడుగు కొత్తగా లేచేది కాదు. తల తిప్పి, పొయ్యిలో కట్టె వేసి, మళ్ళీ చూస్తే రెండు పెరిగేవి.

తల్లి పెత్కానా కూడా చూసింది. కొడుకు పోయి నలభై రోజులు దాటినా ఆమె దినానికి పంచే గోధుమలు ఉడికించలేదు. ఊళ్ళో గోడలకు చావు కబురు తెలిపే కాగితం అంటించనివ్వలేదు. దొరకనివాడికి దినమేమిటని పూజారినే వెనక్కి పంపింది. మంగళవారం ఆమె చేతులు తుడుచుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది.

“దిగుతున్నాడు,” అంది, పాలు పొంగుతున్నాయన్నంత మామూలుగా.

“మంచు కరుగుతోందమ్మా.”

“కరగనీ. మనకేం తొందర?”

ఆ మధ్యాహ్నమే ఆమె మిలెన్ ఇంట్లో తొడుక్కునే ఉన్ని చెప్పులు తీసి, దులిపి, పొయ్యి పక్కన ఆరబెట్టింది. అవి తడిగా లేవు.

బుధవారం దోబ్రి ట్రాక్టరు మీద గ్యాసు బండలు, పిండి బస్తాలు తెచ్చాడు. అతను నెవెనా తండ్రికి చెలికాడు. ముప్పై ఏళ్ళుగా కొండల్లో తప్పిపోయినవాళ్ళను వెతికి తెచ్చే పనిలో ఉన్నాడు. వస్తూనే ఎప్పటి ఎకసెక్కమే అందుకున్నాడు.

“నీ కాఫీ తాగితే పీనుగు కూడా లేచి కూర్చుంటుందే పిల్లా...” అని, మాట పూర్తి కాకముందే నోరు మూసుకుని కప్పులోకి చూశాడు.

పెత్కానా అతని మోచేయి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకుపోయింది. దోబ్రి చాలాసేపు చూశాడు. బైనాక్యులర్ దించి, అద్దాలు తుడిచి, మళ్ళీ చూశాడు.

“ఇంత కిందికి దిగాడా? దిగినవాడు ఇల్లు చేరకపోవడమేంటే? గంట మోగుతూనే ఉందిగా.”

నెవెనా కప్పులు కడుగుతోంది. “మోగుతూనే ఉంది బాబాయ్,” అంది.

ఈసారి అది అబద్ధం.

దోబ్రి తన లెక్క తాను వేసుకున్నాడు. పద్నాలుగో స్తంభం దగ్గర దారి ఎడమకు ఒరుగుతుంది, కింద లోతైన గండి ఉంది. పొగమంచులో అక్కడే కాలు తప్పి ఉంటాడు. రెండు నిలువుల మంచును గుడ్డిగా పొడవడం కంటే, వరుస ఎక్కడ తెగుతుందో కొండే చూపించేదాకా ఆగడం మేలు. శనివారం ఆరుగురిని వెంటబెట్టుకుని వస్తానని, ఈలోపు వరుస పక్కకు తిరిగితే ఫోన్ చేయమని చెప్పి వెళ్ళాడు. ఆ సాయంత్రం నెవెనా పద్నాలుగో స్తంభాన్ని చాలాసేపు చూసింది. ఒక ఇనుప స్తంభాన్ని అంతగా ప్రేమించవచ్చని ఆమెకు అంతవరకు తెలియదు. అక్కడ తిరుగు, అక్కడ తిరుగు, అని పెదవులు కదలకుండా తమ్ముడిని బతిమాలుకుంది. బతిమాలుకుంటున్నది అతని చావు కోసమని తోచి, కిటికీ తలుపు మూసేసింది.

గురువారం వరుస పదహారు దాటింది. ఆ మధ్యాహ్నం లూబెన్ అనే కుర్రవాడు వీపున డేరా మూటతో ఒంటరిగా ఎక్కి వచ్చాడు. ప్లోవ్‌దివ్ నగరంలో చదువుకుంటున్నాడు; బూట్లకు కట్టుకునే ఇనుప ముళ్ళు ఇంకా కొత్త మెరుపు మీద ఉన్నాయి. కనుమ దాటి శిఖరం మీద డేరా వేస్తానన్నాడు. నెవెనా ఓపికగా చెప్పింది. ఈ వారాల్లో మంచు పొద్దున గాజులా ఉంటుంది, పదింటికల్లా పిండిలా అవుతుంది, మధ్యాహ్నం తొడల దాకా దిగబడుతుంది. వాగు మీది మంచు పైకి గట్టిగానే కనిపిస్తుంది, కింద డొల్ల. శిఖరం అంచున గాలి పేర్చిన మంచు చూరులా బయటికి వేలాడుతుంటుంది. దాని మీద నిలబడ్డవాడికి తన కింద నేల లేదని తెలియదు.

“మంచు నాకు కొత్త కాదక్కా,” అన్నాడు లూబెన్.

“మంచుకి నువ్వు కొత్త కదా తమ్ముడూ.”

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఫిబ్రవరి తర్వాత ఆ పిలుపు ఆమె నోట రావడం అదే మొదలు.

చివరికి రాజీ పడ్డారు. పుస్తకంలో పేరు రాయించి, పదమూడో స్తంభం పక్కన, మంచు వీడిన చిన్న పొదల జాగాలో అతను డేరా వేసుకున్నాడు. వరుస అప్పటికి పదిహేనుకు పైన ఉంది. ఆ రాత్రి కొండ మీద వెచ్చని గాలి వీచింది, దాని వెంట వాన వచ్చింది.

శుక్రవారం పొద్దున్నే లూబెన్ తడిసిన డేరాను చుట్టకుండా చంకలో పెట్టుకుని దిగివచ్చాడు. గడప లోపలికి రాలేదు.

“అక్కా, రాత్రి ఎవరు దిగారు?”

“ఎవరూ దిగలేదు.”

“పడుకునేటప్పుడు ఆ దిమ్మెలు డేరాకి పైన ఉన్నాయి. నేను చూసుకున్నాను. లేచేసరికి కిందున్నాయి. నా పక్కనుంచే పోయాయి. డేరా తాడు కాలికి తగలకుండా తప్పుకుని పోయినట్టున్నాయక్కా.”

వాన రాత్రంతా మంచును తినేసిందని, అడుగులు కొత్తవి కావని ఆమె చెప్పింది. అతను తల ఊపాడు, విన్నట్టు లేడు. వానలో మంచు తనంత తాను కుంగుతూ, బరువు దించుకున్న మనిషిలా నిట్టూర్చడం రెండుసార్లు విన్నానన్నాడు. చారు వద్దన్నాడు. పుస్తకంలో తన పేరు కొట్టేయించుకుని, అది కొట్టేసేదాకా గడప బయటే నిలబడి చూసి, బండిదారి పట్టుకుని కిందికి పోయాడు.

నెవెనా కిటికీ దగ్గరికి వెళ్ళింది. వరుస పద్నాలుగు దగ్గర తిరగలేదు. పన్నెండు దాటింది, పదకొండు దాటింది. తొమ్మిది దాటి, ఎనిమిది దాటి, తిన్నగా, ఎక్కడా తడబడకుండా, తప్పిపోయినవాడి నడకలా కాక పని ముగించుకుని ఇంటికి వచ్చేవాడి నడకలా వచ్చి, కొట్టం మాటున కనుమరుగైంది.

దోబ్రికి ఫోన్ చేయాలి. ఆమె చేయలేదు. పార తీసుకుని బయటికి నడిచింది.

వానకు నానిన మంచు అడుగడుగునా తొడల దాకా మింగుతోంది. ఐదో స్తంభం దాదాపు మునిగే ఉంది. కొన మాత్రం బెత్తెడు పైకి కనిపిస్తోంది. దాని పక్కకు వచ్చి వరుస ఆగింది. అక్కడ అడుగులు లేవు. గుండ్రని బల్లంత ఒక పెద్ద దిమ్మె ఉంది. మనిషి ఒకేచోట చాలాసేపు నిలబడి, చలికి కాళ్ళు ఆడిస్తూ తొక్కితే అణిగినంత మేర. దాని అంచున, అన్నిటికంటే లోతుగా తొక్కిన రెండు పాదాలు పక్కపక్కన, సత్రంవైపు తిరిగి ఉన్నాయి. నెవెనా ఆ చూపు వెంట చూసింది. పొగగొట్టం కనిపించింది. తలుపు కనిపించింది. లెక్కపెడితే ఎనభై అడుగులుంటాయేమో.

ఆ దిమ్మె దగ్గరినుంచి వరుస మళ్ళీ మొదలై, ఇంటికి వీపు పెట్టి, కుడివైపు వాగు గండిలోకి పోయింది.

ఆమెకు అంతా ఒక్కసారే అర్థమైంది. అతను దారి తప్పలేదు. పొగమంచులో, మంచు కింద మునిగిన స్తంభాల మీదుగా, కాళ్ళకు తెలిసిన దారిన సరిగ్గా ఇంటికే వచ్చాడు. వచ్చి గంట కోసం విన్నాడు. గంట లేదు. పుట్టినప్పటినుంచి నమ్మిన కొలత అది. గంట లేని చోట ఇల్లుండదు. ఎనభై అడుగుల దూరంలో నిలబడి, తాను అవతలి లోయలో దిగానని నిశ్చయించుకుని, తప్పు దిద్దుకోవడానికి వెనక్కి తిరిగాడు.

రేపు దోబ్రి వస్తాడు. ఈ దిమ్మెను ఒక్కసారి చూస్తే ఆమెకు అర్థమైనదే అతనికీ అర్థమవుతుంది. నెవెనా పార ఎత్తి, గండివైపు పోయే మొదటి అడుగు మీద వేసింది. అది తడిసిన పంచదారలా విరిగింది. రెండోది కూడా విరిగింది.

“పగలగొట్టకు.”

తల్లి వెనకే వచ్చింది. మోకాళ్ళ దాకా తడిసిన పావడాతో, కర్ర ఊతంగా, కూతురు చేసిన గుంటల్లోనే కాలు వేస్తూ వచ్చింది.

“వాడి దగ్గరికి పోయే దారి అదొక్కటే,” అంది.

నెవెనా పార దించింది. దాని పిడిని చూస్తూ చెప్పింది. “గంట నేనే ఆపానమ్మా. ఐదో మనిషి రాగానే ఆపేశాను. మళ్ళీ ఆరింటికి పట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.”

పెత్కానా ఆ రెండు పాదాల గుర్తులను, ఇంటిని, మళ్ళీ పాదాలను చూసింది.

“తెలుసు,” అంది. “నేను పిండి కలుపుతున్నాను. గంట ఆగింది. అమ్మయ్య, అందరూ చేరారనుకున్నాను.” కర్రను మంచులో ఇంకొంచెం లోతుకు దించింది. “నాకూ వాడు గుర్తుకు రాలేదే.”

వాళ్ళిద్దరూ ఒకరినొకరు ముట్టుకోలేదు. ఇంటికి వెళ్ళి నెవెనా ఫోన్ చేసింది. దోబ్రి శనివారం దాకా ఆగకుండా, ఇద్దరిని వెంటబెట్టుకుని మధ్యాహ్నానికే వచ్చాడు. వాళ్ళు గడప ఎక్కకముందే ఆమె ఆ రెండు గంటల సంగతి చెప్పింది. దోబ్రి టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. పదహారు రోజులు అవతలి లోయలో మంచు తవ్విన ముగ్గురు మనుషులు ఆమె ఎదుట నిలబడి, తమ బూట్లను చూసుకున్నారు. తర్వాత దోబ్రి కడ్డీలు భుజాన వేసుకుని, దారి చూపించమన్నాడు.

లోయలోంచి పొగమంచు ఎక్కుతోంది. ఆడవాళ్ళను ఇంట్లోనే ఉండమని అతను ఒకసారి అన్నాడు. పెత్కానా విననట్టే ముందు నడిచింది. అడుగులు చెడకుండా వాటి పక్కగా నడిచారు. వరుస గండివైపు దిగుతోంది. ఏడెనిమిది అడుగులు నడిచాక నడక తెగింది. అక్కడ రెండు పాదాలూ పక్కపక్కన ఉన్నాయి. వేళ్ళు వెనక్కి, వచ్చినవైపుకు తిరిగి ఉన్నాయి. మరో ఏడెనిమిది అడుగుల తర్వాత మళ్ళీ అంతే. పోతూ పోతూ ఆగి, వెనక్కి తిరిగి, అతను వింటూనే ఉన్నాడు.

పెత్కానా మొదటి జత దగ్గర ఆగి, కొడుకు తిరిగినవైపే తిరిగి నిలబడింది. మగవాళ్ళు ఆగారు. రెండో జత దగ్గర కూడా నిలబడింది. మూడో జత దగ్గర తల్లి పక్కకు నెవెనా వచ్చి, తానూ వెనక్కి తిరిగింది. అప్పటికి పొగమంచు ఇంటిని కప్పేసింది. ఏమీ కనబడలేదు. ఏమీ వినబడలేదు. ఇక్కడ ఎంతసేపు నిలబడితే మనిషి ఇంక వినడం మానేసి నడుస్తాడో తెలుసుకోవాలన్నట్టు నెవెనా నిలబడింది, కాళ్ళు మొద్దుబారేదాకా, చెవుల్లో తన నెత్తురు చప్పుడు తప్ప మరేమీ మిగలకుండా పోయేదాకా.

దోబ్రి దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు.

“ఇలాంటివి ముందింకా ఉన్నాయి పిల్లా.”